మిత్వల్లీ షెడ్డులో దగ్గు

అలెగ్జాండ్రియాలో, కర్మూజ్ వీధి చివరి షెడ్డు పేరెత్తితే చాలు, మెకానిక్కులు పానాలు కింద పడేసి చెడు తగలకుండా చొక్కాలోకి ఉమ్ముకునేవాళ్లట.

అది మిత్వల్లీ షెడ్డు. బతికున్నన్నాళ్లూ ఆయన బండి కింది గుంటలో నిలబడి, దగ్గుతూ, వచ్చినవాళ్లనల్లా తిట్టేవాడు. పోయి ఏడాదైంది. అయినా రాత్రయితే ఆ గుంటలోంచి… అదే దగ్గు. అవే తిట్లు.

టాక్సీ నడిపే బయ్యూమీకి మాత్రం దెయ్యం కన్నా తన బండి మూలపడటమే పెద్ద భయం. ఇంజిన్ విప్పి చూస్తే దాని ఇనప దిమ్మ, అదే బ్లాకు, నిండా తుప్పు, ఆ పైన పొరలు పొరలుగా పాత రంగు. బ్లాకు మునిగేంత తొట్టె ఆ షెడ్డులోనే ఉంది. అద్దె కూడా అడగలేదు మిత్వల్లీ కొడుకు తలాత్. అక్కడికి వెళ్లేవాడు దొరకడమే మహాభాగ్యం!

తొట్టెలో బట్టల సోడా కలిపిన నీళ్లు నింపాడు. బ్లాకు వేలాడదీశాడు. పక్కన ఇనప రేకులు దించి బ్యాటరీ ఛార్జరు తగిలించాడు. రాత్రంతా కరెంటు పారితే తుప్పూ రంగూ వదిలిపోతాయని ఎవరో చెప్పారు. ఛార్జరు ఎవడైనా ఎత్తుకుపోతాడేమోనని అక్కడే కాపలా కూర్చున్నాడు.

తొట్టె బుసబుసమంటోంది… బుడగలు, అంతే.

ఖళ్… ఖళ్…

ఇది బుడగలు కాదు.

"మార్చు…" అంది గుంట, బొంగురుగా. "మార్చు…"

బయ్యూమీ నాలుక పిడచకట్టుకుపోయింది. అయినా నోరు ఊరుకోదుగా! "ఏం మార్చాలి ఉస్తాద్? ప్యాంటా? ఇంకోసారి దగ్గావంటే అదీ మార్చేస్తా."

"వైర్లురా గాడిదా! ఎర్రది తీసుకెళ్లి బ్లాకుకి తగిలిస్తావా? తెల్లారేసరికి తుప్పు బదులు ఇనుమునే తినేస్తుంది!"

చూస్తే నిజమే. గబగబా స్విచ్చి కట్టి వైర్లు మార్చాడు. అప్పుడు వెలిగింది — చివర్లో తిట్టింది ఆడగొంతు!

టార్చి వేశాడు. గుంటలో చాప, టీ గ్లాసు, తలకి గుడ్డ కట్టుకున్న ముసలమ్మ… మిత్వల్లీ భార్య బహియ్యా.

"ఆ దీపం నా కళ్ల మీంచి తియ్యి."

"అమ్మా… నువ్వా! ఏడాదిగా?"

"తలాత్ ఈ షెడ్డుని అమ్మేస్తానంటున్నాడు. ఈ గుంటలో సగం పని ముప్పై ఏళ్లు నా చేతులే చేశాయి. అడిగితే వింటాడా? అందుకే, కొనేవాళ్లు జడుసుకోవాలని దగ్గుతున్నా." టీ గ్లాసు పక్కకి జరిపి, "ఎవరికైనా చెప్తావా?" అంది మెల్లగా.

అతను ఇనప బ్రష్షు ఒకటి ఆమె చేతికిచ్చాడు.

తెల్లారేసరికి తుప్పు నల్లటి బురదలా జారిపోయింది. మిగిలిన రంగు ఇద్దరూ గీకేశారు. బ్లాకు శుభ్రంగా బయటపడింది. ఆమె మళ్లీ గుంటలోకి దిగిందో లేదో, తలాత్ కొనేవాణ్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"చూశారా, రాత్రంతా ఇక్కడే ఉన్నాడు! ఏం బయ్యూమీ, ఏమైనా వినిపించిందా?"

బయ్యూమీ చేతులు తుడుచుకున్నాడు. గుంట వంక ఓసారి చూశాడు. తలాత్ చెవి దగ్గరికి వంగాడు.

"వినిపించడమేంటి… మాట్లాడాం. షెడ్డు అమ్మేస్తే తనెక్కడికి పోవాలంటూ, మీ నాన్న నువ్వు ఏ ఇంట్లో ఉంటున్నావని అడిగాడు. నాకు అబద్ధాలు రావు కదా… చెప్పేశాను."