కంటిపాప సాక్ష్యం

"లైట్లు తగ్గించండి" అంది డాక్టర్ హైమవతి.

విశాఖ సముద్రతీరంలో జరుగుతున్న ఫోటోగ్రఫీ మేళాలో మూడో హాలు సగం చీకటైంది. గోడ మీది తెర నిండా ఒక చిన్నపిల్ల కన్ను. నీళ్ళు నిండిన కన్ను.

ఆ కాలంలో ఫోటోను ఎవరూ నమ్మేవారు కాదు. లేని మనిషినీ, రాని తుఫానునూ కంప్యూటర్లు చిటికెలో పుట్టిస్తున్నాయి. మేళాకు వచ్చేవాళ్ళు అందం చూడడం ఎప్పుడో మానేశారు. భూతద్దం పట్టుకుని బొమ్మలోని వేళ్ళు లెక్కపెట్టేవారు, నీడ ఎటు పడాలో వాదించుకునేవారు. ఫోటోగ్రాఫర్లేమో పోలీసులు పిలిపించిన మనుషుల్లా తమ బొమ్మల పక్కన నిలబడేవారు.

హైమవతి తయారుచేసిన రివర్స్ స్కానర్ ఈ అనుమానాలకు మందు అవుతుందని అందరూ ఆశపడ్డారు. దాని సూత్రం తేలికైనదే. తోమిన ఇత్తడి చెంబులో గదంతా కనిపిస్తుంది. తడి కన్నూ అంతే. ఫోటో తీసే క్షణంలో కెమెరా వెనుక ఏముందో, దాని ప్రతిబింబం ఎదుటి మనిషి కంటిపాప మీద పడుతుంది. మన చూపుకు అది ఒక మెరుపు చుక్క. స్కానర్ ఆ చుక్కను విప్పి, వెనుక ఉన్న దృశ్యాన్ని ముందుకు తెస్తుంది.

ఆ రోజు పరీక్షకు పెట్టిన ఫోటో పేరు 'తుఫాను అనాథ'. చాలా ఏళ్ళ క్రితం, తుఫాను వెలిసిన మర్నాడు, సహాయ శిబిరం బయట ఏడుస్తున్న పిల్లను దామోదర పట్నాయక్ ఫిల్మ్ కెమెరాతో తీశాడు. ఆ ఒక్క బొమ్మతో దేశదేశాల్లో పేరు తెచ్చుకున్నాడు. ఈమధ్య దాని మీద ఒక మాట పుట్టింది. ఏడుపు సహజంగా రాలేదని, అన్నం పొట్లం లాక్కుని పిల్లను ఏడిపించి తీశాడని.

"మిగతావన్నీ పరీక్షించుకోండి. ఇది మాత్రం వద్దు" అన్నాడు పట్నాయక్.

ఆ మాటతో అనుమానం ముదిరింది. "తప్పు చేయకపోతే భయం దేనికి?" అని మేళాకు వచ్చినవాళ్ళు మొహం మీదే అడిగారు.

ఫోటోలోని మనిషి ఒప్పుకుంటే చాలని నిర్వాహకులు తేల్చారు. ఆమె పేరు నూకరత్నం. ప్రభుత్వాసుపత్రిలో నర్సు. తుఫానులో తల్లిని సముద్రం తీసుకుపోయిందని, పెంచిన పిన్ని చెప్పింది. ఆ ఫోటో ఊసెత్తితే మాత్రం పిన్ని మాట మార్చేసేది. పెద్దయ్యాక నూకరత్నానికీ అనుమానం మొదలైంది. ఈయన నన్నేదో చేసే ఉంటాడు, లేకపోతే పిన్ని అంతలా ఎందుకు దాటేస్తుంది?

"చూడండి మేడం. నా మొహమే కదా" అని సంతకం పెట్టింది.

స్కానర్ సన్నగా మూలిగింది. తెర మీద బూడిదరంగు మసక కదిలి, మెల్లగా రూపం కట్టింది. మోకాళ్ళ మీద వంగి కూర్చున్న పడుచువాడైన పట్నాయక్. రెండు చేతులూ కెమెరా మీదే ఉన్నాయి. అన్నం పొట్లం లేదు.

హాల్లో కొందరు ఊపిరి వదిలారు. కొందరు నిరాశపడ్డారు కూడా.

హైమవతి ఆపబోతుంటే నూకరత్నం అడ్డుపడింది. "ఆయన వెనకాల ఏటో ఉంది మేడం. అది కూడా రానివ్వండి."

వెనుక ఒక లారీ. జనంతో నిండిపోయింది. ఒక ఆడమనిషి చక్రం మీద ఒక కాలు వేసి, పైనున్న మగమనిషి చేయి అందుకుంటోంది.

"ఎవరామె?" అని అడిగింది నూకరత్నం. తెర వైపు కాదు, పట్నాయక్ వైపు చూస్తూ.

పట్నాయక్ ఆమె దగ్గరికి వచ్చాడు. "మీ అమ్మ, తల్లీ. పని దొరుకుతుందని అతనితో వెళ్ళిపోయింది. నువ్వు లారీ వెంట పరిగెత్తబోతుంటే మీ పిన్ని పట్టుకుంది. నేను ఫోటో తీసేశాను. వదిలేసి పోయిందంటే పిల్ల జన్మంతా తిట్టుకుంటుంది, సముద్రం తీసుకుపోయిందంటే ఏడ్చి ఊరుకుంటుంది అంది మీ పిన్ని. నేను సరేనన్నాను. ఫోటోకు ఆ అనాథ పేరు అందుకే పెట్టాను."

నూకరత్నం ఏడవలేదు. ఆసుపత్రిలో ఎదుటివాళ్ళకు చావుకబురు చెప్పేటప్పుడు ఉండే ముఖమే పెట్టుకుని, హైమవతిని అడిగింది. "మా అమ్మ వెనక్కి తిరిగి చూసిందా?"

ఆడమనిషి ముఖం ఉండాల్సినచోట తెల్లటి మరక ఉంది. హైమవతి పరికరాన్ని చివరి మెట్టుకు తిప్పింది. మరకలోంచి ముఖం వచ్చింది. భుజం మీదుగా ఇటే చూస్తోంది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఒక్క మాట చెప్పాలి" అంది హైమవతి. "ఈ ముఖం కాంతి చెప్పింది కాదు. ఆధారం లేనిచోట యంత్రం ఊహించి పూడ్చింది. ఆమె ఇటు తిరగకుండా లారీ వైపే చూస్తూ ఉండొచ్చు."

"మరి లారీ?"

"లారీ నిజం."

లైట్లు వెలిగాయి. ఫోటో కల్పితం కాదని నిర్వాహకులు ప్రకటిస్తే జనం చప్పట్లు కొట్టారు. పట్నాయక్ చుట్టూ కొనేవాళ్ళు మూగారు. ఆయన వాళ్ళను తోసుకుంటూ నూకరత్నం కోసం వెతికాడు గానీ ఆమె అప్పటికే స్కానర్ వెనుక గదిలో ఉంది.

"ఆ ముఖం నాకు ప్రింట్ తీసివ్వండి మేడం."

"అది మీ అమ్మ ముఖం కాకపోవచ్చమ్మా. చూపు కూడా కల్పితమే కావచ్చు."

"విన్నాను కదండీ."

ప్రింట్ వచ్చింది. అంచున, యంత్రం తనంతట తానే వేసే ఎర్రటి అక్షరాలు: 'ఇది ఊహాచిత్రం'. నూకరత్నం వాటి మీద వేలు పెట్టి చూసింది. రుద్దితే పోయేవి కావు.

"కత్తెర ఉందా మేడం?"

అబద్ధాన్ని పట్టుకోవడానికే సగం జీవితం ఖర్చుపెట్టిన హైమవతి, ఒక్క క్షణం ఆమె ముఖం వైపు చూసింది. తర్వాత సొరుగు లాగి కత్తెర వెతికింది.