మరవ పారిన రోజు

రాగులకుంటలో ఆ ఉదయం ఎవరికీ కాలు నిలవడం లేదు. పేరులో తప్ప ఊళ్లో ఎక్కడా కుంట లేదు. అయినా ఈ రోజు చెరువు మరవ పారబోతోందని డప్పులు దిగాయి, మేళం దిగింది, ఆడవాళ్లు పట్టుచీరలు కట్టారు. నిండిన చెరువు గట్టు దాటి పొర్లడాన్ని ఈ అనంతపురం పల్లెల్లో మరవ పారడం అంటారు. ఇంతకీ ఆ చెరువు ఉన్నది ఊరి నడిబొడ్డున, ఒక గోడ మీద.

ఆ గోడ పేరు జలదర్శిని. ఊళ్లోని బోరుబావులన్నింటిలోనూ నీటిని కొలిచే సెన్సర్లు, అంటే నీటిగ్రాహకాలు, ఉన్నాయి. అవి పంపే అంకెలను దృశ్యగణకం అనే కంప్యూటరు క్షణక్షణం గోడ మీద ఒక కొండలోయ బొమ్మగా మారుస్తుంది. భూమి లోపలి నీటిమట్టమే బొమ్మలో చెరువు. ఎక్కడైనా వాన ఇంకితే కొండల నుంచి వాగు దిగుతుంది. నీటిలో ఉప్పు పెరిగితే ఒడ్డున గడ్డి పసుపెక్కుతుంది. ఆపి ఉంచిన ప్రతి మోటరుకూ ఒడ్డున ఒక కొంగ వాలుతుంది, మోటరు వేయగానే అది ఎగిరిపోతుంది. అంకె లేనిదే అందులో గడ్డిపోచ కూడా మొలవకూడదన్నది చిత్రకర్త నాగవేణి పట్టుదల.

అంతకు ముందు ఇవే అంకెలు గీతల పటాలుగా ఫోన్లలోకి వచ్చేవి. ఎవరూ తెరిచి చూసిన పాపాన పోలేదు. నీళ్లు తగ్గితే ఇంకా లోతుకు ఇంకో బోరు దించేవాళ్లు. ఎప్పుడు వాడుకోవాలో, ఎప్పుడు ఆపాలో ఊరికి కంటికి కనబడేలా చెప్పాలని నాగవేణి ఈ బొమ్మ చేసింది. జనం సాయంత్రాలు దాని ముందు చాపలు పరిచారు. మా కొంగ, మీ కొంగ అని మురిసిపోయారు. ఎవరూ చెప్పకుండానే మోటర్లు ఆగడం మొదలైంది. ముత్తాతల నాటి బావుల్లో నీళ్లు ఎంత ఎత్తున ఉండేవో అక్కడ ఆమె బొమ్మలో రాతి గట్టు కట్టింది. ఈ రోజు నీళ్లు ఆ గట్టును తాకబోతున్నాయి.

"నాగవేణమ్మా, ఇంగ వేలెడే తక్కువ! పారుతాదంటావా?" అన్నాడు సర్పంచి ఎర్రిస్వామి.

"పారకేమన్నా! పైకొండల్లో పడిన వాన ఇంకుతాంది. వాగు ఎట్ల దిగుతాందో సూడు!"

నాగవేణి కళ్లు గోడ మీదే ఉన్నాయి. పొద్దున్నుంచీ కాఫీ కూడా ముట్టలేదు. తాను కట్టిన గట్టు మీద నుంచి నీళ్లు పొర్లడం చూడాలని ఆమెకు ఊరందరికంటే ఎక్కువ ఆత్రంగా ఉంది.

మరవ పారితే గంగమ్మకు చీర పెట్టాలి. అది ఊళ్లో పెద్దావిడ చేతుల మీదుగా జరగాలి. ఆ పెద్దావిడ ఉరుకుందమ్మ మాత్రం ఎక్కడా కనబడలేదు. పిలుచుకొస్తానని నాగవేణి ఊరి బయట ఆ అవ్వ చీనీ తోటకు, అంటే బత్తాయి తోటకు, పరుగుతీసింది.

తోటలో చెట్లన్నీ ఎండుముఖం పట్టాయి. ఆకులు దొన్నెల్లా ముడుచుకుపోయాయి. పిందెలు నేలంతా రాలి ఉన్నాయి. వాటిని ఏరి ఒళ్లో వేసుకుంటోంది ఉరుకుందమ్మ.

"అవ్వా! మోటరు కాలిపాయనా?"

"మోటరుకేం పాపా, బంగారట్ల ఉండాది. నేనే ఏయల్యా."

"యాలవ్వా? నీ వంతు నీళ్లు నీకుండాయి గదా!"

"అందరి కొంగలూ ఒడ్డున ఉంటే నాదొక్కటే ఎగిరిపోతే బాగుంటాదా? గోడ తట్టు సూసి, మళ్ల అందరూ నా తట్టు సూస్తారు."

"సూస్తే సూడనీ. చెట్లు సచ్చిపోతాయి!"

ఉరుకుందమ్మ నవ్వింది. "చెట్లు సచ్చేది శానా తూర్లు సూసినా. మా నాయన కాలంలో సూసినా, మా ఇంటాయన కాలంలో సూసినా. మరవ పారేది ఒగ తూరి గూడా సూడల్యా పాపా."

నాగవేణి ముడుచుకున్న ఆకునొకదాన్ని తాకి చూసింది. గ్రాహకాలన్నీ భూమి లోపలే ఉన్నాయి. పైన చెట్టుకు దాహమేస్తే చెప్పే అంకె ఒక్కటి కూడా ఆమె పెట్టలేదు. అంత అందమైన లోయలో ఈ తోట ఎక్కడా లేదు. ఆ క్షణమే మోటరు వేయించి ఉండాల్సింది. కానీ ఊరి వైపు నుంచి పెద్ద కేక లేచింది, డప్పులు ఒక్కసారిగా మోగాయి.

"పారినాది!" అంటూ ఉరుకుందమ్మ ఒళ్లోని పిందెలు పారబోసి పరుగందుకుంది. నాగవేణి కూడా పరుగెత్తింది. సిగ్గుపడుతూనే పరుగెత్తింది.

గట్టు మీద నుంచి నీళ్లు తెల్లగా దూకుతున్నాయి. పెద్దవాళ్లు కేరింతలు కొడుతున్నారు. ఎవరో నాగవేణిని ఎత్తి తిప్పారు, ఆమె పిచ్చిదానిలా నవ్వింది. ఉరుకుందమ్మ గోడకు చీర తాకించి, పసుపు కుంకుమ చల్లి, కళ్లు తుడుచుకుని జనం వైపు తిరిగింది.

"ఇంగ నేను మోటరు ఏసుకుందునా?"

డప్పులు ఆగిపోయాయి. వేసుకోమని ఒక్కరూ అనలేదు. వద్దనీ అనలేదు. ఎర్రిస్వామి తల దించుకున్నాడు. మిగిలినవాళ్లు నీళ్ల వైపే చూస్తున్నారు. తాను కూడా నీళ్ల వైపే చూస్తున్నానని నాగవేణికి కాసేపటికి గానీ తెలియలేదు.

"మోటరు పెట్టె తాళం ఇయ్యవ్వా. నేనేస్తా," అంది.

తోటలో మోటరు నడిచింది. గొట్టాల్లోంచి నీళ్లు పాదుల్లోకి చేరాయి, మట్టి ఆత్రంగా తాగేసింది. అప్పుడే ఊళ్లోంచి "అయ్యో!" అని అందరి గొంతులూ ఒక్కటై వినిపించాయి. ఇందాకటి కేకకంటే అది పెద్దది. నాగవేణి తడి మట్టిలో కూలబడి, చెట్టు మొదలు పట్టుకుని భోరున ఏడ్చింది. చెట్లు బతుకుతాయన్న సంతోషం, గోడ మీద మరవ పారడం ఆగిపోయిందన్న దుఃఖం రెండూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

వెనక అడుగుల చప్పుడైంది. ఆమె వెనకే బయలుదేరి, దారిలో ఆ కేక విన్న ఉరుకుందమ్మ రొప్పుతూ వచ్చింది. పాదుల్లో నిలుస్తున్న నీళ్ల వైపు కన్నెత్తి చూడలేదు. నాగవేణి భుజం పట్టుకుని ఆత్రంగా అడిగింది:

"చెరువు ఎంత తగ్గినాది పాపా?"