గద్దకన్ను, వెనకసీటు

ఆరు నెలలుగా కూడబెట్టుకున్న స్నేహం ఒక శుక్రవారం మధ్యాహ్నం రెండు లైన్ల మెసేజ్‌తో పోయింది.

పోగొట్టుకున్నవాడు నట్లు, బోల్టులు అమ్మే కొట్టు యజమాని. కొట్టులో అందరికీ అన్న. యుద్ధవిమానాల ఫొటోలు పెట్టుకునే ఆన్‌లైన్ గ్రూపులో మాత్రం అతని పేరు గద్దకన్ను. మబ్బుల్లో చుక్కంత కనబడినా అది ఏ విమానమో, రెక్కల కింద ఏం మోస్తోందో చెప్పేస్తాడని ఆ పేరు.

ఆ గ్రూపులోనే వెనకసీటు అనే పేరుతో ఒక అమ్మాయి ఉండేది. అసలు పేరు అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఉండేది ఈ ఊళ్లోనే అని మాత్రం తెలుసు. జంట విమానాలు ఉరుముకుంటూ అతని కొట్టు దాటగానే "రెండు పంపాను, చూసుకోండి" అని పెట్టేవాడు. అవి ఆమె వైపు చేరగానే, పది పన్నెండు సెకన్లలో జవాబు.

"అందాయి. ఒకటి కొంచెం నలిగింది."

"నలిగితే వాపసు తీసుకోం."

"అయితే రేపటి సరుకు జాగ్రత్తగా ప్యాక్ చేయించండి."

ఆ జవాబు వచ్చేదాకా అతను గిరాకీని నిలబెట్టేసేవాడు. పదేళ్ల వ్యాపారంలో ఎవరి కోసమూ గిరాకీని ఆపని మనిషి. వ్యవహారం ఎక్కడిదాకా వచ్చిందో దీన్నిబట్టి లెక్క కట్టుకోవచ్చు.

ఆ శుక్రవారం వెనకసీటు మొదటిసారి ఒక ఫొటో పెట్టింది. విమానం ఒక పక్కకి ఒరిగి మలుపు తిరుగుతోంది, రెక్క మీద ఎండ జారిపోతోంది. గ్రూపంతా ఆహా అంది. గద్దకన్ను మాత్రం ఫొటోని పెద్దది చేసి ముక్కు దగ్గర ఆగాడు. వెంటనే టైప్ చేశాడు.

"గాల్లో ఇంధనం నింపుకునే గొట్టం ఈ రకానికి కుడివైపు ఉంటుంది. ఇందులో ఎడమవైపు ఉంది. ఇది కంప్యూటర్‌లో చేసిన దొంగ ఫొటో."

"నేను చూసిందే పెట్టాను" అని ఆమె ఒక్క ముక్క రాసింది. ఆ తర్వాత గ్రూపులోంచి వెళ్లిపోయింది.

సాయంత్రానికి అతని మెసేజ్‌కి నలభై ఏడు బొటనవేళ్లు లేచాయి. అప్పుడే ఆకాశంలో రెండు వెళ్లాయి. "రెండు పంపాను" అని టైప్ చేసి, పంపడానికి ఎవరూ లేక చెరిపేశాడు.

గ్రూపు పెట్టింది ఒక రిటైరైన విమానాల మెకానిక్. అందరూ తాతగారు అంటారు. ఆయన ఫోన్ చేశాడు.

"ఏరా, గెలిచావా?"

"నేను చెప్పింది కరెక్టే కదా తాతగారూ."

"నేనడిగింది అది కాదు" అని ఫోన్ పెట్టేశాడు.

సోమవారం పంపులు బాగుచేసే కుర్రమేస్త్రీ కొట్టుకొచ్చాడు. వెనక అరల దగ్గరికి వెళ్లి బొటనవేలంత లావు బోల్టు ఒకటి తీసి పట్టుకున్నాడు. వెనక ఏం జరుగుతోందో కూర్చున్న చోటినుంచే కనబడాలని గద్దకన్ను వారం కిందటే మూలన పెద్ద అద్దం తగిలించాడు. అందులోంచే చూసి చెప్పాడు.

"అది లెఫ్ట్ థ్రెడ్. నీ పంపుకి పట్టదు, పెట్టేయ్."

మేస్త్రీ బోల్టు తెచ్చి బల్లమీద పెట్టాడు. మరలు శుభ్రంగా కుడివైపే తిరిగి ఉన్నాయి. "అన్నా, బోల్టు బానే ఉంది. నీ కళ్లే రివర్స్ తిరుగుతున్నాయి."

అతను బోల్టు చూశాడు, అద్దం చూశాడు. ఫోన్ తీసి ఆమె ఫొటో తెరిచాడు. ఒక మూల సన్నటి వాలుగీత ఉంది. మొన్న దాన్ని కిటికీ అంచు అనుకున్నాడు. అది చెక్కిన అద్దం అంచు. ఆమె విమానాన్ని అద్దంలో చూసి, అద్దంలోనే ఫొటో తీసింది.

మేస్త్రీ ఇంకా బేరమాడుతుండగానే గ్రూపులో రాశాడు: "ఫొటో నిజమైనది. అద్దంలో తీసింది. కుడి, ఎడమ తెలియనివాణ్ని నేను. ఆమెని దొంగ అన్న చోటే ఈ మాట చెబుతున్నాను. తాతగారూ, దయచేసి ఆమెకి చేర్చండి."

మర్నాడు పొద్దున తెలియని నంబర్ మోగింది.

"వెనకసీటుని."

అతను కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో అతనికే తెలియదు.

"క్షమించండి. అది అద్దంలో తీసిందని నాకు..."

"మీరు గొట్టం అనగానే నాకు తట్టింది."

"అప్పుడే ఒక్క మాట చెప్పుంటే..."

"మీరు ఒక్క మాట అడిగుంటే? ఆరు నెలలు మాట్లాడుకున్నాం. నన్ను అడక్కముందే మూడొందల మందికి చెప్పారు. దొంగ అన్నాక సంజాయిషీ ఎందుకు ఇవ్వాలి?"

వ్యాపారస్తుడి దగ్గర ఏ మాటకైనా ఎదురుమాట ఉంటుంది. అతని దగ్గరా రెండు మూడున్నాయి. ఏదీ తీయలేదు.

"గెలవాలనిపించిందండీ. గెలిచాను. తీసుకెళ్లి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు."

అవతల నవ్వు ఆపుకుంటే వచ్చే చిన్న చప్పుడు.

"మాది అద్దాల కొట్టు. రేపు పదకొండింటికి వచ్చి మీ కళ్లతో చూసుకోండి."

అద్దాల కొట్టులో ఆమె వీధికి వీపు పెట్టి, కొలబద్ద ఆనించి గాజు మీద గీత గీస్తోంది. ఎదుటి గోడనిండా అద్దాలే. అతను గుమ్మంలో అడుగు పెట్టగానే వెనక్కి తిరక్కుండానే అంది.

"గద్దకన్ను గారు పది నిమిషాలు ముందొచ్చారు."

"ఎలా కనిపెట్టారు?"

"అద్దాల కొట్టుకొచ్చి అద్దాలకేసి చూడకుండా ఆకాశంకేసి చూసేవాళ్లు ఇంకెవరుంటారు? తిరిగి చూసేలోపు విమానం పోతుంది. అందుకే నాకు ఈ అద్దాలే ఆకాశం."

అంతలో ఉరుము. పదిహేను అద్దాల్లో పదిహేను విమానాలు దూసుకుపోయాయి. ఆమె గబుక్కున అడిగింది.

"గొట్టం ఎటుంది?"

"చూడలేదు."

"మరేం చూశారు?"

పదిహేను అద్దాల్లోనూ ఆమె ఉంది. అతని చెవులు ఎర్రబడటం కూడా పదిహేను అద్దాల్లో కనిపించింది.

లోపల గాజు కోస్తున్న ఆమె నాన్న చేతులు దులుపుకుంటూ బయటికొచ్చాడు. "ఏం కావాలి బాబూ?"

"అద్దం కావాలండీ."

"ఎంత కొలత?"

అతను జేబులు తడుముకున్నాడు. నాన్న అతన్ని ఓసారి, కూతుర్ని ఓసారి చూశాడు.

"ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. కొలత లేకుండా వచ్చినవాడికి అద్దం అక్కర్లేదు."

"మరేం కావాలంటావు నాన్నా?" అందామె, తల వంచుకుని గాజు తుడుస్తూ.

"నన్నడుగుతావేంటమ్మా, ఆయన్నడుగు. నేను ముగ్గురికీ టీ చెప్పొస్తాను" అని చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోయాడు.

ఆమె గుడ్డ పక్కన పెట్టి, మొదటిసారి వెనక్కి తిరిగింది. అద్దం లేకుండా, నేరుగా అతని మొహంలోకి చూసింది.

"చెప్పండి. ఏం కావాలి?"

"మీరు."

"ఎన్నాళ్లకి?"

"కొలత తేలేదండీ" అన్నాడు.