ఏడో పేషెంటు

తెల్లారగానే సోని చోడి (రాగి) అంబలి కాచి భర్తకి గిన్నెలో పోసింది. సోంబరు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అతని పొట్ట పక్కనుంచి బయటికొచ్చిన వైరు నడుముకి కట్టిన సంచిలోని బ్యాటరీల దాకా పోతోంది. విశాఖపట్నంలో గుండెకి పంపు అమర్చి, జి.మాడుగుల దగ్గరున్న తమ ఊరికి పంపి పదిరోజులైంది. ఆ పంపు తయారుచేసే కంపెనీలోనే కూతురు రమణికి ఉద్యోగం. సెలవు పెట్టి తండ్రికి తోడుగా వచ్చింది.

పెరట్లో రమణి ఫోన్‌లో గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "అవును సార్, ఏడో పేషెంటే. ఇవాళ రీడింగులు బాగానే ఉన్నాయి."

సోని చేతిలో గరిటె ఆగిపోయింది. రోజూ ఇదే వరస. తను దగ్గరికెళ్తే చాలు, ఫోన్ పెట్టేస్తుంది. అడిగితే మాట మారుస్తుంది. నిన్న ఆశా కార్యకర్త వచ్చి సోంబరు మణికట్టు ఎంతసేపు పట్టుకున్నా నాడి దొరకలేదు. ఆమె మొహం మారిపోవడం సోని చూసింది.

"ఇలా రాయే!" అని కూతుర్ని పిలిచి, ఆ పిల్ల వేళ్లని తండ్రి మణికట్టుకి ఆనించింది. "సెప్పు, నాడేదే? మీ కంపెనీ నా మొగుణ్ణి ఏటి సేసింది?"

"పంపు రక్తాన్ని ఆగకుండా తోస్తాదమ్మా. అందుకే నాడి తెలీదు. భయం లేదు."

"మరి ఏడో పేషెంటేటి? మీ అయ్యకి పేరు లేదా?"

"పేర్లు చెప్పకూడదమ్మా, అంకెలే. ఈ పంపు పెట్టినోళ్లలో అయ్య ఏడోవాడు," అంది రమణి.

"కొత్త మిషను మనిషికి పెట్టి సూడాలని మీ అయ్యని ఇచ్చేసినావు కదే! మీ పెద్దోళ్ల మెప్పు కోసం!"

"దాన్ననకు," అన్నాడు సోంబరు. "కొత్త పంపే. సంతకం నేనే ఎట్టినాను. మందులింక పన్జెయ్యవు, ఆర్నెల్లు బతికితే ఎక్కువని డాక్టరు సెప్పేడు. నువ్వు తట్టుకోలేవని, నీకు సెప్పొద్దని దీనిచేత ఒట్టేయించుకున్నాను."

సోని అరుగు మీద అతని పక్కన కూర్చుంది.

"కంపెనీ మనిషినని, అయ్య సంతకం పెట్టే గదిలోకి నన్ను రానివ్వలేదమ్మా," అంది రమణి. "వద్దని అయ్య కాళ్లు పట్టుకున్నాను. ఆ పంపుల్ని పరీక్షించేది నేనే. ఏది ఎలా ఆగిపోతాదో నాకే ఎక్కువ తెలుసు." ఇక ఏడుపు ఆపుకోలేకపోయింది.

"ముందు ఆరుగురో?"

"అయిదుగురు బాగున్నారు. ఒకాయన పోయేడు."

దాచకుండా చెప్పిన ఆ ఒక్క మాటతో సోని మనసులోని అనుమానం జారిపోయింది. ఇన్నాళ్లూ తను మోసం అనుకున్నది కూతురి భయం. కూతురి తలని ఒళ్లోకి లాక్కుంది. "నాకు సెప్తే ఇద్దరం బయపడేవోళ్లం కదే," అంది.

ఇంతలో సంచిలోంచి కూత వినిపించింది. బ్యాటరీలు అయిపోవస్తున్నాయి. రమణి లేవబోతే సోని ఆపింది.

"నాకు నేర్పు. నువ్వెల్లిపోతే ఎవరు మారుస్తారు?"

"రెండూ ఒకేసారి తియ్యకూడదు. ఒకటి తీసి, కొత్తది పెట్టేకే రెండోది."

సోని సంచి విప్పింది. ఒకటి తీసింది. కొత్తది టక్కున కూర్చుంది. రెండోదీ మార్చింది. కూత ఆగింది. సోంబరు మెల్లగా నవ్వాడు.

"నువ్వు నవ్వకు. నీ సంగతి ఇంకా తేలలేదు," అంటూ సోని కూతురి కళ్లు తన చెంగుతో తుడిచింది.