అక్క కంప్యూటర్‌లో పెట్టిన పాత పవర్ సప్లై

కళ్ళద్దాల దుకాణంలో పనికి బయల్దేరబోతూ తమ్ముడు ఒక చేత్తో బ్రెడ్డు తింటూ, ఇంకో చేత్తో ఫోన్ చూస్తున్నాడు. తనలాంటి కంప్యూటర్ పిచ్చివాళ్ళు రోజూ మాట్లాడుకునే ఆన్‌లైన్ గ్రూపులో ఒక ఫొటో కనబడింది. కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా, మాడి మసైపోయిన పవర్ సప్లై. కింద రెండే వాక్యాలు: "ఈ రకం ఎవరి దగ్గరున్నా వెంటనే ఆపేయండి. మా గదిలో పరదాలు అంటుకున్నాయి."

బ్రెడ్డు పక్కన పడేశాడు. ఆ రకందే అక్క ఇంట్లో ఉంది. పెట్టింది తనే.

అక్కది ఆడియో పుస్తకాల్లో శబ్దాలు సరిచేసే పని. రెండు నెలల క్రితం ఆమెకోసం ఏ ఫ్యాన్ చప్పుడు చెయ్యదో, ఏ మదర్‌బోర్డు పదేళ్ళు నిలుస్తుందో వెతికి వెతికి అన్నీ మేలైనవే కొన్నాడు. తీరా బిగించే రోజున బుద్ధి గడ్డి తింది. తన కొత్త గ్రాఫిక్స్ కార్డుకు తన పాత పవర్ సప్లై చాలదు. అక్కకోసం కొన్నది తన కంప్యూటర్‌లో బిగించుకుని, ఆమె కంప్యూటర్ పెట్టెలో పాతది పెట్టేశాడు. 'అక్క పనికి ఇది బోలెడు' అని సర్ది చెప్పుకున్నాడు.

అక్కకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. పనికెళ్ళిన బావకు చేశాడు.

"హెడ్‌ఫోన్స్ పెట్టుకుందంటే పిడుగుపడ్డా వినదురా మీ అక్క. ఏమైంది?"

"ఏం లేదు బావా," అనేసి అక్క ఇంటికి పరుగందుకున్నాడు.

అక్క రెండేళ్ళ పాప ఆ కంప్యూటర్ బల్ల కిందే కూర్చుని ఆడుకుంటుంది. ఆ సంగతి గుర్తొచ్చాక అతనికి దారి కనబడలేదు. మూడో అంతస్తు మెట్లెక్కుతుంటే కాలిన ప్లాస్టిక్ వాసన గుప్పుమంది.

"అక్కా! తలుపు తియ్యి!"

రెండు చేతులా బాదాడు. లోపల పాప గొంతు ఏదో అంది. ఆ తర్వాత నిశ్శబ్దం. అతను మళ్ళీ బాదాడు.

గడియ కదిలింది. ముక్కు తుడుచుకుంటూ అక్క నిలబడి ఉంది. జలుబుతో ముక్కు మూసుకుపోయి ఆమెకు వాసనే తెలియలేదు. "ఏంట్రా, తలుపు ఊడగొడతావా? పాప వచ్చి చెయ్యి లాగితే గానీ నాకు వినబడలేదు."

ఆమెను తోసుకుని వెళ్ళి ప్లగ్గు పీకేశాడు. పెట్టె వెనకనుంచి సన్నగా పొగ లేస్తోంది.

"పొద్దున్నుంచి చేసిన పనంతా..." అనబోయిన అక్క, పొగ చూసి పాపను గుండెకు హత్తుకుంది. "కొత్తదే కదరా ఇది?"

కంప్యూటర్ దుకాణంవాడు మోసం చేశాడన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, జరిగిందంతా చెప్పాడు.

"అంటే తెలిసే పెట్టావా?"

"కాలుతుందని తెలీదక్కా. పాతదని తెలుసు."

"నా బిడ్డ రోజూ దాని పక్కనే ఆడుకుందిరా. నీమీద నమ్మకంతో ఏ వైరు ఎందుకో కూడా నేనడగలేదు." ఆమె అరవలేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. "ముందు నా కళ్ళ ముందునుంచి వెళ్ళు."

వెళ్ళాడు. గంటలో తన కంప్యూటర్‌లోంచి ఊడదీసిన పవర్ సప్లైతో తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఇది నీదే. ఎవరినైనా పిలిచి బిగించుకో. నేను ముట్టుకోను."

అక్క ఆ పవర్ సప్లైని చేతిలోకి తీసుకుంది. "లోపలికి రా. బిగించేది నేను. ఒక్కో వైరూ దేనికో నువ్వు చెప్పు. అర్థమయ్యేదాకా వదలను."

కరిగింది పాత పవర్ సప్లై తీగే. మిగతా భాగాలకు మసి కూడా అంటలేదని అతను ఒకటికి నాలుగుసార్లు చూశాడు. అక్క ఒక్కో స్క్రూ బిగించి స్విచ్చి మీద వేలు పెట్టింది. అతను పాపను ఎత్తుకుని గది బయటికి జరిగాడు.

"భయంగా ఉందా?"

"చచ్చేంత."

"నాకూ," అని నొక్కింది.

ఫ్యాన్లు చప్పుడు లేకుండా తిరిగాయి. పొగ లేదు. అతను పాప భుజంలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. అక్క వచ్చి అతని తలమీద చెయ్యి వేసింది.

"పిచ్చోడా, అడిగుంటే నేనే ఇచ్చేదాన్ని కదరా."