అరచేతిలో జీలకర్ర

గోడౌన్‌లో పడున్న శవం నోటినిండా జీలకర్ర కుక్కి ఉంది. పెదాల అంచున గింజలు తడిసి ఉబ్బాయి, వాటి మీద ఈగలు ముసురుతున్నాయి. ఏజెంట్ చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వంగి చూశాడు. చనిపోయినవాడు ల్యాబ్ అనలిస్ట్. అరచేతులు రెండూ మసిబారి ఉన్నాయి. గోడౌన్ దుమ్ములే అనుకున్నాడు ఏజెంట్.

గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో ఈ ఏజెంట్ పేరు పిల్లి. ఇంట్లోవాళ్లకి మాత్రం సబ్బుల కంపెనీ సేల్స్‌మన్.

"తిన్నది అరక్కపోతే జీలకర్ర నీళ్లు తాగమనేవాళ్లు మన అమ్మమ్మలు," కారులో బ్రీఫింగ్ మొదలుపెట్టాడు చీఫ్. "చిన్న చిన్న ట్రయల్స్‌లో కొందరికి బరువు, కొవ్వు కాస్త తగ్గాయి. మెటబాలిజానికి నిజంగా మేలు చేస్తుందో లేదో తేల్చడానికి ఇప్పుడు పెద్ద ట్రయల్. ఇవాళే మొదటి డోసు."

"దీనికోసం హత్యా సార్?"

"ఓ విదేశీ ముఠా కొవ్వు కరిగించే మాత్ర అమ్ముతోంది. వాళ్లు పెట్టే విషానికి వాలంటీర్లు పడిపోతే జీలకర్ర పేరు చెడి, వాళ్ల మాత్ర అమ్ముడుపోతుంది. ఆ కుట్ర బయటపెట్టబోయినవాడి నోరు అలా మూశారు."

పిల్లి గబుక్కున వాచీ చూసుకున్నాడు. ఆ వాలంటీర్లలో అతని అక్క ఉంది.

లిఫ్ట్ మెకానిక్ వేషంలో ల్యాబ్ స్టోర్ రూమ్‌లోకి అడుగుపెట్టాడు. ఎదురుగా ఒకామె. నీలి కళ్లద్దాలు, తెల్లని గ్లవ్స్, గది నిండా సెంటు వాసన. ముఠాలో ఉన్న మన మనిషి ఆమే.

"తిన్నది అరిగిందా?" అన్నాడు.

"రాళ్లు తిన్నా అరుగుతాయి." కోడ్ కలిసింది. "విషం పైన వాటర్ ట్యాంకులో ఉంది. త్వరగా వెళ్లు. సరుకు నేనే చెక్ చేశాను."

అయినా అతను స్కానర్ పెన్ను క్యాప్సూళ్లలో నింపే జీలకర్ర డ్రమ్ములో గుచ్చాడు. వాసన పసిగట్టి సరుకు తేల్చే పరికరమది. పచ్చలైటు వెలిగింది. వెనుదిరగబోతూ చిటికెడు గింజలు తీసి అరచేతుల మధ్య నలిపాడు. చిన్నప్పుడు అమ్మ అలా నలిపే నీళ్లలో వేసేది. ఆ వాసనంటే అతనికి అప్పటినుంచీ పరమ రోత. చేయి చూసుకున్నాడు. అరచేయి మసిబారింది.

శవం చేతులు గుర్తొచ్చాయి. ఇవి జీలకర్ర కాదు, గడ్డిగింజలు! బొగ్గుపొడి పట్టించి, పైన జీలకర్ర నూనె చల్లారు. లోపల ఇంకేం చెత్త కలిపారో! మనుషులు మింగేదాన్ని ఇలా తయారుచేసిన చేతుల్ని తలుచుకుంటే అతనికి ఒళ్లంతా జలదరించింది.

"పెన్ను మాట వినాల్సింది," అందామె. చేతిలో చిన్న పిస్టల్.

"అనలిస్ట్‌ని..."

"ఎక్కువ వాగాడు." ఎంగిలి కప్పు పారేసినంత తేలిగ్గా చెప్పింది.

ఛీ, ఇదీ ఒక మనిషేనా! గుప్పెడు గింజలు ఆమె మొహాన కొట్టాడు. కళ్లద్దాలు నల్లబడ్డాయి, పేలిన గుండు సీలింగుకి తగిలింది. ఆమె చేయి మెలితిప్పి పిస్టల్ లాక్కుని, ఆమెని స్టోర్ రూమ్‌లో పెట్టి తాళం వేసి పరుగెత్తాడు.

హాల్లో క్యూలో అందరికంటే ముందు అక్క. క్యాప్సూల్ నాలుక మీద పెట్టుకుంది. గ్లాసు పెదాలకి ఆనించింది.

"ఎవరూ మింగొద్దు! అక్కా, ఉమ్మెయ్!"

అతను కొట్టిన దెబ్బకి గ్లాసు ఎగిరిపడింది. అక్క ఉలిక్కిపడి క్యాప్సూల్ అతని చొక్కా మీదే ఉమ్మేసింది.

"ఒరేయ్, నువ్విక్కడేంట్రా? ఆ వేషమేంటి?"

"లిఫ్ట్‌కి... సబ్బు అమ్మడానికొచ్చా."

"సబ్బులమ్మేవాడివి, ఆ చేతులేంట్రా! సిగ్గులేదూ?"

సాయంత్రానికి ముఠా అంతా దొరికింది. శవం మొహం మాత్రం పిల్లి కళ్లముందునుంచి కదలడం లేదు. అన్నం సయించడం లేదన్నాడు. అక్క వంటింట్లోంచి గ్లాసుతో వచ్చింది.

"జీలకర్ర నీళ్లు. కడుపు కుదుటపడుతుంది, తాగు."

"ముందు ఆ డబ్బా ఇలా ఇవ్వు." చిటికెడు తీసి నలిపాడు. అరచేయి శుభ్రంగా ఉంది. తప్పించుకోవడానికి ఇక ఏ సాకూ మిగల్లేదు.

ముక్కు మూసుకుని తాగాడు. పిస్టల్ ముందు కూడా అతని మొహం అంత వికారంగా మారలేదు.