కుడి టైరు ఎందుకు జారింది?

తెనాలిలో డిటెక్టివ్ బర్నబాస్ ఆఫీసు మెట్లెక్కి వచ్చేవాళ్లలో సగం మంది భయపడుతూ వస్తారు, మిగతా సగం సిగ్గుపడుతూ వస్తారు. ఆ ఉదయం వచ్చిన రియాజ్ మాత్రం రెండూ కలిపి తెచ్చుకున్నాడు. కార్లు బాగుచేసే షెడ్డు నడుపుతాడు. చేతికి గ్రీజు ఉంది. ముఖాన నెత్తురు చుక్క లేదు.

"నేను మా ప్రేమ్‌ని చంపబోయానంటున్నారు సార్," అన్నాడు కూర్చోకుండానే. "రేపు పొద్దున్నే వాళ్ల నాన్న స్టేషన్‌లో కంప్లైంట్ ఇస్తాడంట. చిన్నప్పట్నుంచీ ఒకే కంచంలో తిన్నామండి. వాణ్ని చూడ్డానికి కూడా నన్ను ఇంట్లోకి రానివ్వడం లేదు."

"ముందు కూర్చో నాయనా. మంచినీళ్లు తాగు. తర్వాత మొదట్నుంచి చెప్పు," అన్నాడు బర్నబాస్.

ఈ బర్నబాస్ ఒకప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ తరఫున గుద్దుకున్న బళ్లను పరీక్ష చేసినవాడు. నుజ్జయిన లారీని చూసి డ్రైవరు ఎటు తిప్పబోయాడో చెప్పగలడు. తనకు మాత్రం సైకిల్ తప్ప ఏదీ నడపడం రాదు. అసిస్టెంటు శ్రావణి స్కూటరు వెనక కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంటాడు. అయినా సరే, ఈ జిల్లాల్లో ఆయన్ని మించిన తెలివైనవాడు లేడని శ్రావణి నమ్మకం. ఆ నమ్మకం ఆవిడ ఒక్కదానికే ఉందనుకోండి, అది వేరే సంగతి.

రియాజ్ చెప్పింది ఇది. అతనూ, రేపల్లె దగ్గరి పడవలవాళ్ల కుర్రాడు ప్రేమ్‌కుమార్ కలిసి ఒక పందెం కారు తయారుచేశారు. రియాజ్ ఇంజిన్ చూస్తాడు, ప్రేమ్ నడుపుతాడు. రెండు కార్లు పక్కపక్కన నిలబడి, జెండా ఊపగానే తిన్నటి రోడ్డు మీద దూసుకుపోయే పందెం. ఆదివారం పగలు కర్లపాలెం అవతల, ఎవరో లేఅవుటు వేసి వదిలేసిన సిమెంటు రోడ్డు మీద, క్లబ్బువాళ్లు అనుమతి తీసుకుని పెట్టారు.

"మాది మామూలు రోడ్డు కారేనండి. టర్బో పెట్టాను. అది ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ తోసి బలం పెంచుతుంది. టైర్లు మాత్రం బజార్లో అందరూ కొనుక్కునేవే ఉండాలని రూలు. బలం ఎంతైనా పెంచొచ్చు సార్, ఆ టైర్లు నేలని పట్టుకోవాలి కదా! అసలు పందెమంతా అక్కడే."

"పట్టుకోలేదా?"

"జెండా ఊపగానే కారు కుడికి తిరిగిపోయి ఇసుక బస్తాల్ని గుద్దింది. ప్రేమ్ చెయ్యి విరిగింది."

"అనుమానం నీమీదే ఎందుకు?"

రియాజ్ తల దించుకున్నాడు. "పందేనికి ముందు, ముందరి టైర్లలో కాస్త గాలి తీశానండి. ప్రేమ్ వాళ్ల నాన్న నాంచారయ్య బాబాయ్ చూశాడు."

శ్రావణి ఉలిక్కిపడింది. "మీరే తీశారా?"

"ఎప్పుడూ తీస్తానండి. గాలి తగ్గితే టైరు నేలమీద పరుచుకుంటుంది, పట్టు పెరుగుతుంది. ఇది ఎవరికి చెప్పినా వినరేంటి? పైగా మొన్నే మేమిద్దరం బజార్లో అరుచుకున్నాం. బలం ఇంకా పెంచమని వాడు, ఈ టైర్లు తట్టుకోవని నేను. ఊరంతా విన్నది."

శ్రావణికి మనసులో ఇతనే చేశాడనిపించింది. అంతలోనే, చేసినవాడు తన నోటితో ఇన్ని చెబుతాడా అనిపించింది. అక్కడ మొదలైన అయోమయం ఆవిణ్ని సాయంత్రం దాకా వదల్లేదు.

రియాజ్ షెడ్డులో కారు మూతి పచ్చడై ఉంది. బర్నబాస్ ఇంజిన్ వైపు కన్నెత్తి చూడలేదు. నేరుగా వంగి టైర్లు చూశాడు. ఎడమ టైరు గరుకుగా, కాలిన రబ్బరుతో ఉంది. కుడి టైరు దగ్గర ఒక బూడిదరంగు పిల్లి కూర్చుని దాన్ని శ్రద్ధగా నాకుతోంది.

"ఛీ, పో!" అంది శ్రావణి.

"తోలకమ్మా. అది పనిలో ఉంది," అన్నాడు బర్నబాస్. తర్వాత పిల్లిని బతిమాలి పక్కకు జరిపి, జేబురుమాలుతో టైరు తుడిచి, రుమాలును కవరులో పెట్టాడు. కుడి చక్రం మీది రేకుకు పసుపు, కుంకుమ బొట్టు ఉంది. దాన్ని కళ్లద్దాలెత్తి మరీ చూశాడు.

"రేకు మీద ఈ నల్లటి తుంపర ఏంటయ్యా?"

"రబ్బరండి. లైనుకి వెళ్లేముందు తడినేల మీద కారు కదలకుండా ముందు చక్రాలు గట్టిగా తిప్పుతాం. పొగలొస్తాయి. టైర్లకున్న మట్టీ మశానం పోయి, వేడెక్కి పట్టు వస్తుంది. అప్పుడు ఎగిరి పడుతుంది ఇది."

"అప్పటికి టైర్ల మీద నూనో, గ్రీజో ఉంటే?"

"కాలిపోయి పోతుందండి. ఉన్నా కారు అక్కడే తేడాగా తిరిగేది, నాకు తెలిసిపోయేది. ఆ రోజు రెండు చక్రాలూ చక్కగా తిరిగాయి."

"ఈ తుంపర బొట్టు కింద ఉంది. బొట్టు మీద లేదు," అని గొణిగి బర్నబాస్ స్కూటరు వైపు నడిచాడు. శ్రావణి పిల్లిని చూసింది, బొట్టును చూసింది. రెండింటికీ ఏం సంబంధమో తెలియక తల పట్టుకుంది.

కర్లపాలెం రోడ్డు దగ్గర బాపట్ల కుర్రాడు వినోద్ కుమార్ ఎదురొచ్చాడు. ఆదివారం ప్రేమ్‌తో పోటీకి నిలబడిన రెండో కారు అతనిదే. సిమెంటు మీద ఎడమ టైరు వేసిన నల్లటి గీత తారు పూసినట్టుంది. కుడి గీత మొదట్లో అసలు లేదు. కాస్త దూరం పోయాక బూడిదగా మొదలై వంకర తిరిగింది.

"ఎడమది పట్టింది, కుడిది జారింది. పట్టినవైపు చక్రం తోసేసింది, కారు కుడికి తిరిగింది," అన్నాడు బర్నబాస్. "టైర్లు వేడెక్కించాక వెంటనే జెండా ఊపారా?"

వినోద్ ఇబ్బందిగా కదిలాడు. "లేదండి. లైను మీద నా కారు ఆగిపోయింది. ఎంతకీ స్టార్టవలేదు."

శ్రావణి కళ్లు మెరిశాయి. దొరికాడు దొంగ! కావాలనే ఆపి ఉంటాడు.

"ఎవరు స్టార్ట్ చేశారు?"

"రియాజే వచ్చి చేశాడండి. వైరు ఊడింది, పెట్టాడు."

"పోటీవాడి కారు బాగుచేశాడా!" అంది శ్రావణి.

"మా దగ్గర అంతే అక్కా. పక్కన కారు లేకపోతే గెలుపేంటి? నేను కారులోంచి దిగనే లేదు, అతను నా బానెట్‌లోంచి తలెత్తలేదు."

"అంతసేపూ ప్రేమ్ కారు దగ్గరికి ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదండి. చుట్టూ తాడు కట్టాం. బయటివాళ్లెవరూ రాలేరు."

ఇంకేముంది, శ్రావణి బుర్ర పూర్తిగా వేడెక్కింది. టైర్లు వేడెక్కించేదాకా అన్నీ బాగున్నాయి. తర్వాత రియాజ్ అవతల ఉన్నాడు, వినోద్ తన కారులో ఉన్నాడు, ఎవరూ దగ్గరికి రాలేదు. మరి ఆ టైరు తనంతట తనే జారిందా?

రేపల్లె అవతల, కాలువ గట్టున ఉన్న ఇంటి ముందు నాంచారయ్య వాళ్లను చూడగానే లేచాడు. ఉప్పుగాలికి నల్లబడ్డ గట్టి మనిషి. "ఆ రియాజ్‌గాడు పంపాడా మిమ్మల్ని? నా కళ్లతో చూశాను, గాలి తీశాడండి! ఒక్కగానొక్క కొడుకండి నాకు. కట్టుతో పడుకుని ఉన్నాడు. ఆ రియాజ్‌గాడు జైల్లో కూర్చునేదాకా నాకు అన్నం దిగదు," అని అరిచి, కళ్లు తుడుచుకుంటూ గట్టు మీదికి వెళ్లిపోయాడు.

లోపల మంచం మీద ప్రేమ్ నీరసంగా నవ్వాడు. "రియాజ్ అలా చేశాడంటే నేను నమ్మనండి. కానీ మా నాన్న చూశానంటున్నాడు. ఎవర్ని నమ్మాలో తెలియడం లేదు నాకు."

"నీ కారు దగ్గరికి ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదండి. హెల్మెట్ పెట్టుకుని కారులోనే కూర్చున్నాను."

"మీ నాన్న పందేనికి ఎప్పుడూ వస్తాడా?"

"అదే మొదటిసారండి." ప్రేమ్ ముఖం వెలిగింది. "సముద్రం ఉండగా రోడ్డు మీద చావడమేంట్రా అని తిట్టేవాడు. మొన్న తనంతట తనే బయల్దేరాడు. నాకు ఎంత ఆనందమేసిందో చెప్పలేను."

బయట ప్రేమ్ తల్లి రత్తాలు ఎండుచేపలు తిరగేస్తోంది. పక్కనే బోర్లించిన కొత్త పడవ అడుగు నిగనిగలాడుతోంది. బర్నబాస్ దాన్ని తాకి చూశాడు.

"ఏంటమ్మా ఇది, రంగా?"

"సొరచేప నూనె బాబూ. కొత్తగా ఏది నీళ్లలోకి దించినా ఇంటి పెద్ద తన చేత్తో రాయాలి. ఎక్కడ నేలకి తగుల్తుందో అక్కడ. బొట్టు కూడా ఆయనే పెడతాడు. సులువుగా జారి వెళ్లాలి, క్షేమంగా రావాలి కదా."

బర్నబాస్ వేలికంటిన నూనె వాసన చూశాడు. జేబులోంచి కవరు తీసి అందులోని రుమాలు వాసన చూశాడు. దాన్ని శ్రావణి ముక్కు దగ్గర పెట్టాడు. రెండూ ఒకటే చేపనూనె వాసన.

"సార్... ఆయనా? ఈ మాట ఆయనకి చెప్పాలా?" అంది.

"నాకూ చెప్పాలని లేదమ్మా. కానీ చెప్పకపోతే ఆ కుర్రాడు రేపు స్టేషన్‌లో ఉంటాడు. ఫోన్ చెయ్యి. రియాజ్‌నీ, వినోద్‌నీ రమ్మను."

సాయంత్రం ప్రేమ్ మంచం చుట్టూ అందరూ చేరారు. రియాజ్ గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, బర్నబాసే పిలిచి కూర్చోబెట్టాడు.

"గాలి సంగతి ముందు తేలుద్దాం," అన్నాడు. "వినోద్, నువ్వూ పందేనికి ముందు గాలి తీస్తావా?"

"అందరం తీస్తామండి. తీయకపోతే ఈ టైర్లతో పని జరగదు."

"పైగా రెండు టైర్లలోనూ తీశాడు. జారింది ఒక్కటే. కాబట్టి గాలి కారణం కాదు. ఆ ఒక్క టైరుకే నూనె అంటింది. వేడెక్కించకముందు అంటి ఉంటే అప్పుడే బయటపడేది. కాబట్టి వేడెక్కించాక, వినోద్ కారు ఆగిపోయిన సమయంలోనే అంటింది. ఆ సమయంలో కారు దగ్గరికి ఎవరూ రాలేదని అందరూ అన్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. కానీ ఎవరో వచ్చారు. ఆ రేకు మీద బొట్టు ఉంది. రబ్బరు తుంపర దానికింద ఉంది. అంటే టైర్లు వేడెక్కించాకే ఎవరో వచ్చి బొట్టు పెట్టారు. ప్రేమ్, నీ కారుకి బొట్టు పెట్టిందెవరు?"

"మా నాన్నండి," అన్నాడు ప్రేమ్ తడుముకోకుండా. "నాన్న వస్తే ఎవరో వచ్చారని ఎలా అంటా..." మాట సగంలో ఆగిపోయింది.

బర్నబాస్ గొంతు తగ్గించాడు. "ఆ నూనె ఇంజిన్‌ది కాదు. ఇంజిన్ నూనె ఏ పిల్లీ నాకదు. నాంచారయ్యగారూ, ఆ రోజు బొట్టు పెట్టి ఇంకేం చేశారండి?"

నాంచారయ్య అందరి ముఖాలూ చూశాడు. ఏం అడుగుతున్నారో మొదట అర్థం కానట్టుంది.

"నూనె రాశాను. సీసాలో తీసుకెళ్లా. టైరుకీ, టైరు ముందు నేలకీ. ఎడమవైపు పోబోతుంటే జెండా పట్టుకున్నాయన పక్కకి పొమ్మని కేకేశాడు. కొడుకు బండికి నేను చెయ్యేసింది అదే మొదలు. మా తాతల నాటి నుంచీ అంతేగా... ఆ నూనె రాసి దించిన పడవ ఒక్కటి కూడా తిరిగి రాకుండా పోలేదండి నాకు."

"పడవకి జారడం కావాలి బాబాయ్," అన్నాడు రియాజ్ చాలా మెల్లగా. "కారుకి పట్టుకోవడం కావాలి."

రత్తాలు కొంగు నోట్లో కుక్కుకుంది. నాంచారయ్య తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. శ్రావణికి ఏడుపు ఆగలేదు. ఇంత తెలివిగా రహస్యం విప్పిన తన గురువు మీద ఆ క్షణంలో ఆవిడకు కోపం కూడా వచ్చింది.

"నేనేనా... నా కొడుకు చెయ్యి విరిచింది నేనేనా?" అన్నాడు నాంచారయ్య. రియాజ్ దగ్గరికి వచ్చాడు. "పద అబ్బాయ్. స్టేషన్‌కి నన్ను తీసుకుపో. నిన్ను అన్న మాటలన్నీ నాకే తగలాలి."

"వెళ్లి ఏమని చెప్పాలి బాబాయ్? కొడుకు గెలవాలని దీవించాడని చెప్పనా?" రియాజ్ ఆయన భుజాలు పట్టుకుని మంచం అంచున కూర్చోబెట్టాడు.

ప్రేమ్ నవ్వాడు. నవ్వితే చెయ్యి నొప్పెట్టి మూలిగాడు. "ఆ జెండా ఆయన ఒక్క నిమిషం ఆగి ఉంటే బాగుండేది నాన్నా. ఎడమ టైరుకీ రాసి ఉంటే ఉన్నచోటే తిరుగుతూ క్షేమంగా ఉండేవాణ్ని."

వినోద్ ఫక్కున నవ్వి, నవ్వినందుకు సిగ్గుపడి నోరు మూసుకున్నాడు.

"నవ్వకురా," అన్నాడు నాంచారయ్య. బుగ్గల మీదుగా నీళ్లు కారిపోతున్నాయి. "ఇక జన్మలో నీ పందేనికి రానురా నేను. నీ బండి ఛాయలకి రాను."

ప్రేమ్ బాగున్న చేత్తో తండ్రి చెయ్యి పట్టుకున్నాడు.

"వస్తావు నాన్నా. నువ్వు రాకపోతే నేనెక్కను. చేతులు కడుక్కుని రా, అంతే."